మన బలిపీఠం మీద ఎవరి సంప్రదాయం? తెలుగు రాష్ట్రాల కతోలిక పీఠాధిపతులకు బహిరంగ లేఖ

మహాఘన పీఠాధిపతులకు, మేత్రాసన (పీఠాధిపతి పరిధి) దైవార్చన సంఘాల బాధ్యులకు, విచారణ (స్థానిక సంఘం, పారిష్) గురువులకు నమస్కారాలు.

మన గుళ్లలో దేశీయ మత చిహ్నాలను ఉంచడంపై కతోలికుల మధ్య నడుస్తున్న తగవు అర్జీలతో తేలేలా లేదని అర్థమయ్యాక ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాను. మా విచారణలో గుడిని తిరిగి కట్టినప్పుడు బలిపీఠం వెనుక గోడపై ఓంకారంలో ఇమిడిన సిలువను, పవిత్ర అప్పాన్ని భద్రపరిచే సత్ప్రసాద పేటిక కింద తామర పీఠాన్ని, ముఖద్వారం పైన పూర్ణకలశాన్ని అమర్చారు. గుడిని ఆశీర్వదించిన రోజు వరకు అవి వస్తున్నాయని విశ్వాసులకు తెలియదు. ఆ తర్వాత సంఘం చీలిపోయింది. ఇది విగ్రహారాధన అని కొందరు పూజకు రావడం మానేశారు, ఇదే మన దేశీయత అని మరికొందరు సమర్థించారు. దళితవాడలోని ఎక్కువమంది ఏమీ అనలేదు, వారిని ఎవరూ అడగనూ లేదు. సంతకాలు చేసి మేత్రాసన కార్యాలయానికి ఇచ్చిన అర్జీకి గాని, ఆ తర్వాత గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు గాని జవాబు రాలేదు. ఊరి పేరు, మేత్రాసనం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక గురువును వేలెత్తి చూపితే ఇది ఆ ఊరి గొడవగా ముగిసిపోతుంది, కాని ఈ ప్రశ్న తెలుగు కతోలిక సంఘం మొత్తానిది.

నా పక్షం ఏమిటో ముందే చెప్పాలి. నేను లాటిన్ పూజ తిరిగి రావాలని కోరేవాడిని కాను. చెప్పులు విడిచి గుడిలోకి వెళ్లడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి సమాధానం (శాంతి) పంచుకోవడం, నూనె దీపం వెలిగించడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్లే జనం మరియమాతకు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు సమర్పిస్తారు. ఆ పద్ధతులను ఏ సంఘమూ తీర్మానం చేసి వారికి అప్పగించలేదు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ తమతో తెచ్చుకున్నారు. అటువంటి దేశీయత మీద నాకు గౌరవం ఉంది. పైనుంచి నిర్ణయించి, ఇదే మీ సంస్కృతి అని మా ముందు నిలబెట్టిన చిహ్నం ఎవరిదో, దాని నీడలో మా పెద్దలు ఏమేం భరించారో అడిగే వీలు లేకుండా చేయడం మీదే నా అభ్యంతరం.

ఈ తగవులో రెండు పక్షాలూ రోమ్ పేరు చెబుతున్నాయి, రెండూ సగమే చెబుతున్నాయి. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన దైవార్చన శాసనం 37 నుంచి 40 వరకు ఉన్న పేరాల్లో, ఆయా జాతుల జీవన విధానంలో మూఢ విశ్వాసంతో విడదీయలేనంతగా ముడిపడని అంశాలను శ్రీసభ (కతోలిక సంఘం) సానుభూతితో పరిశీలిస్తుందని, వీలైనచోట కాపాడుతుందని చెప్పింది. ఆ వెలుగులో భారత పీఠాధిపతుల పక్షాన వెళ్లిన 12 అంశాలకు రోమ్ 1969 ఏప్రిల్ 25న అనుమతి ఇచ్చింది. ఈ 12 అంశాల పేరు చెప్పేవారు చాలామంది, చదివినవారు తక్కువ. వాటిలో ఉన్నవి ఇవి: కూర్చునే, నిలబడే భంగిమలతో పాటు పాదరక్షలు విడవడం, మోకాలు వంచడానికి బదులు అంజలి ఘటించి వంగి నమస్కరించడం, పంచాంగ ప్రణామం, పవిత్ర వస్తువులను ముద్దు పెట్టుకోవడానికి బదులు చేతితో తాకి కళ్లకు అద్దుకోవడం, అంజలి ఘటించి శాంతిని పంచుకోవడం, ధూపాన్ని విరివిగా వాడడం, గురువు ధరించే వస్త్రాలను సరళం చేసి అంగవస్త్రం వేసుకోవడం, బలిపీఠం మీద పళ్లెం వాడడం, కొవ్వొత్తికి బదులు నూనె దీపం పెట్టడం, పూజ ఆరంభంలో గురువును హారతితో స్వాగతించడం, విశ్వాసుల ప్రార్థనలో కొంత స్వేచ్ఛ, కానుకల సమర్పణ వేళ, పూజలో ప్రధానమైన కృతజ్ఞతా స్తోత్ర ప్రార్థన చివర పూలతో, ధూపంతో, దీపంతో హారతి. ఇవన్నీ శరీరంతో చేసే నమస్కారాలు, చేత్తో పట్టే పాత్రలు. ఓంకారం గాని, కలశం గాని, మరొక మతం నేటికీ ఆరాధించే ఏ మూర్తి గాని ఆ జాబితాలో లేదు. పైగా ఎక్కడ ఎంతవరకు అమలు చేయాలో స్థానిక పీఠాధిపతులు నిర్ణయించాలన్నారు.

బెంగళూరులో 1967లో ఫాదర్ డి. ఎస్. అమలోర్పవదాస్ ఆధ్వర్యంలో మొదలైన జాతీయ బైబులు, ఉపదేశ, దైవార్చన కేంద్రం ఈ దిశలో ఎంతో పని చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో శ్రీసభ పరాయి సంస్థలా కనిపించకూడదన్న ఆయన తపనను నేను శంకించడం లేదు. కాని ఆ ప్రయోగాలన్నీ అనుమతి పొందినవే అన్న భావన మన గురు విద్యాలయాల నుంచి విచారణల వరకు పాకింది. 1975లోనే రోమ్, బైబులేతర గ్రంథాల పఠనాలను పూజలో వాడవద్దని, ప్రయోగదశలో ఉన్న భారతీయ కృతజ్ఞతా స్తోత్ర ప్రార్థనను నిలిపివేయాలని ఆదేశించింది. 1994 జనవరి 25న వెలువడిన ఉపదేశ పత్రం 47వ పేరాలో, ఆరాధనా స్థలాలు, వస్తువులు, భంగిమలు సువార్త రాక ముందు ఏ అర్థంతో ఉండేవో ఇప్పుడూ అదే అర్థంతో ఉన్నాయని అనిపించేలా చేస్తే మతాల కలగాపులగం అవుతుందని హెచ్చరించింది. అదే పత్రం 30వ పేరా, మార్పులకు ముందు చరిత్ర, మానవశాస్త్రం, వేదాంతం తెలిసినవారి చేత అధ్యయనం జరగాలని, ఆ దేశంలో పుట్టిన గురువుల అనుభవాన్ని, సువార్త వెలుగు పొందిన స్థానిక వివేకవంతుల సలహాను తీసుకోవాలని కోరింది. మా వాడలో అటువంటి వివేకవంతులు ఉన్నారు. సగం జీవితం ఉపదేశిగా (విశ్వాసం బోధించే గృహస్థుడిగా) నడిచి సువార్త చెప్పిన ముసలాయన ఉన్నాడు. ఆయనను ఎవరూ సలహా అడగలేదు.

ఇక అసలు బాధ చెబుతాను. ఈ నేలపై కతోలిక సంఘం దేశీయ చిహ్నాలను స్వీకరించడం కొత్త కాదు. 1606లో మధురైకి వచ్చిన జెస్విట్ (ఒక కతోలిక గురుసంఘం) గురువు రాబర్ట్ డి నొబిలి తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చి, కాషాయం కట్టి, సన్యాసిలా జీవించాడు. యజ్ఞోపవీతం, శిఖ, గంధం వంటివి మతాచారాలు కావని, సాంఘిక మర్యాదలని ఆయన వాదించగా, 15వ గ్రెగొరీ పోపు 1623లో కొన్ని షరతులతో వాటిని అనుమతించాడు. 18వ శతాబ్ది ఆరంభంలో తెలుగు నేలకు వచ్చిన ఫ్రెంచ్ జెస్విట్లు కూడా ఆ దారిలోనే నడిచారు. ఆ పద్ధతి వల్ల పై కులాలలో కొందరు సంఘంలోకి వచ్చిన మాట నిజం. దాని ధరను ఎవరు చెల్లించారో కూడా చెప్పాలి. సన్యాసి వేషంలో ఉన్న గురువు అంటరానివారి ఇంటికి వెళితే ఆయన మర్యాద పోతుంది కాబట్టి, వారికి వేరే గురువులను, వేరే గుళ్లను ఏర్పాటు చేశారు. 1704లో పోపు ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో ఇచ్చిన ఆజ్ఞలో, తర్వాత 1744లో 14వ బెనెడిక్ట్ పోపు శాసనంలో, జబ్బుపడిన పరయవారి (అంటరానివారిగా చూసిన తమిళ కులం) ఇళ్లకు వెళ్లి గురువులు సంస్కారాలు ఇవ్వాలని ప్రత్యేకంగా ఆదేశించవలసి వచ్చిందంటే, అంతకుముందు మరణశయ్య మీద ఉన్నవారికి అవస్థాభ్యంగనం (రోగులకు నూనె పూసే సంస్కారం) ఎలా అందేదో ఊహించండి. దేశీయత పేరుతో ఆనాడు గుడిలోకి వచ్చిన జంధ్యం ఒంటరిగా రాలేదు, మైలను కూడా వెంటబెట్టుకొని వచ్చింది.

ఈనాటి తెలుగు కతోలికులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. భారత పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రమే దేశంలోని కోటి 90 లక్షల కతోలికుల్లో కోటి 20 లక్షల మంది దళితులని పేర్కొంది, సంఘంలో అంటరానితనం కొనసాగుతోందని అంగీకరించింది. ఆ పత్రాన్ని మనసారా ఆహ్వానించినవారిలో నేనూ ఉన్నాను. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయి, దళితులలోను తెలుగువారిలోను ఆ స్థానానికి చేరిన మొదటివారైనప్పుడు మా వాడలో దప్పులు మోగాయి. ఆ దప్పులు గుడి ప్రహరీ బయటే మోగాయన్నది కూడా ఇక్కడ చెప్పాలి. తేరు ప్రదక్షిణకు ముందు నడిచే దప్పు గుడి గుమ్మం దగ్గర ఆగిపోతుంది, లోపల తంబూరాకు, వీణ బొమ్మకు చోటు ఉంటుంది. చావుకూ జాతరకూ మోగేది, తోలుతో చేసింది అన్న కారణంతో దాన్ని ఆపేవారే, పూర్ణకలశాన్ని భారతీయ సంస్కృతి అని మాకు బోధిస్తున్నారు. కోయ గూడేలలోని కతోలికుల డోలు, కొమ్ము నృత్యం స్వాగత కార్యక్రమానికి, ఫోటోకు పనికి వస్తున్నాయి, పూజ మొదలవగానే పక్కకు జరుగుతున్నాయి. దేశీయత అంటే పై కులాల గుడి నుంచి తెచ్చుకున్నదే అయితే, ఆ గుడి గడప ఎక్కనివ్వని ముత్తాతల మనుమలకు అది ఇంటి వస్తువులా ఎలా కనిపిస్తుంది?

ఇటువంటి తగవును పట్టించుకోకపోతే ఎంత దూరం పోతుందో 2019లో రోమ్‌లోనే చూశాం. అమెజాన్ ప్రాంతంపై అక్టోబరు 6 నుంచి 27 వరకు జరిగిన పీఠాధిపతుల మహాసభ సందర్భంగా, గర్భవతియైన స్త్రీ మోకరించి ఉన్న చెక్క బొమ్మలను వాటికన్ తోటలో జరిగిన కార్యక్రమంలోను, తర్వాత ట్రాస్పొంటీనా మరియమాత దేవాలయంలోను ఉంచారు. అవి పచమామ అనే భూమాత విగ్రహాలని కొందరు, జీవానికి గుర్తు మాత్రమేనని మరికొందరు వాదించుకుంటూ ఉండగా, అక్టోబరు 21 తెల్లవారుజామున కొందరు వాటిని ఎత్తుకుపోయి టైబర్ నదిలో పారేసి, ఆ దృశ్యాన్ని ప్రపంచానికి చూపించారు. నాలుగు రోజులకు ఫ్రాన్సిస్ పోపు గారు రోమ్ పీఠాధిపతిగా క్షమాపణ చెప్పి, ఆ బొమ్మలను విగ్రహారాధన ఉద్దేశంతో అక్కడ ఉంచలేదని తెలిపారు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన తన ప్రబోధంలో, ఒక దేశీయ చిహ్నాన్ని ఏదో ఒక విధంగా స్వీకరించినంత మాత్రాన అది విగ్రహారాధన కానక్కర లేదని రాశారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. ఆ బొమ్మలను దొంగిలించడం తప్పు, దూర ప్రాంతాల నుంచి వచ్చిన అతిథులను అవమానించడం అంతకన్నా తప్పు. అయితే ఆ బొమ్మ ఏమిటో, ఎందుకు అక్కడ ఉందో మొదటి రోజే స్పష్టంగా చెప్పి ఉంటే అంత విషం పుట్టేది కాదన్నది నా అభిప్రాయం. అదే ఏడాది ఆ వీడియోలు తెలుగు వ్యాఖ్యానాలతో మా ఫోన్లలోకి కూడా వచ్చాయి.

మన దేశంలోనే మరో సంగతి ఉంది. 2013 మే నెలలో రాంచీ సమీపంలోని సింగ్‌పూర్‌లో, ఎర్ర అంచు తెల్ల చీరలో, బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకున్న ఆదివాసీ తల్లిలా మలచిన మరియమాత విగ్రహాన్ని కార్డినల్ టెలెస్ఫోర్ టోప్పో ఆవిష్కరించారు. అక్కడి ఆదివాసీ కతోలికులకు అది తమ తల్లి రూపం. ఆదివాసుల ప్రకృతి ఆరాధన మతమైన సర్నాకు చెందినవారు మాత్రం ఆ చీర తమ గుర్తు అని, తమవారిని ఆకర్షించే ఎత్తుగడ అని ఊరేగింపులు తీశారు. ఇక్కడ రెండు పక్షాలవారూ ఆదివాసులే, గాయం రెండు వైపులా తగిలింది. చిహ్నాన్ని ఎంచుకునేటప్పుడు దాన్ని ఈరోజు కూడా ఆరాధించే పొరుగువారి మనసును లెక్కలోకి తీసుకోవాలని ఈ సంఘటన చెబుతోంది.

ఇప్పుడు మామూలు విశ్వాసుల మీద పడుతున్న భారాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

1. పూజకు రావడం మానినవారు ఇంట్లో ఊరికే కూర్చోవడం లేదు. కొందరు పక్క వీధిలోని ప్రార్థన మందిరాలకు వెళ్లిపోయారు. భార్య ఒక గుడికి, భర్త ఒక మందిరానికి వెళ్లే ఇళ్లు ఏర్పడ్డాయి. ఆ ఇళ్లలో పిల్లల జ్ఞానస్నానం వాయిదా పడుతోంది, పెద్దల అంత్యక్రియలు ఎవరు జరపాలన్నది శవం ఇంట్లో ఉండగానే వివాదం అవుతోంది.

2. ఊళ్లోని హిందూ సోదరులు మా గుడి గోడను చూసి, మా గుర్తులు మీకెందుకు, అమాయకులను మోసగించి కలుపుకోవడానికా అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న గురువుగారి గది వరకు వెళ్లదు. ఆసామి పొలంలో కూలికి వెళ్లే స్త్రీ, కిరాణా కొట్టులో అప్పు పెట్టే మనిషి దానికి జవాబు చెప్పుకోవాలి. ఆ గోడను ఎంచుకున్నది ఆమె కాదు, అవమానం మాత్రం ఆమెకు దక్కుతోంది.

3. తగవు వీడియోలుగా మారితే గుడిలో ఉన్నవారి ముఖాలు బయటపడతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల క్రైస్తవ దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు, మన రాష్ట్రాల్లో వారికి ఉన్నది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. కుల ధ్రువపత్రం మీద చదువు, ఉద్యోగం ఆధారపడిన కుటుంబాలకు ఇటువంటి ప్రచారం ఎంత భయం పుట్టిస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

4. ఇంట్లో మరియమాత పటం ముందు దీపం పెట్టుకునే అవ్వలు కూడా ఇప్పుడు హేళనకు గురవుతున్నారు. గోడమీది ఓంకారానికి, ఆ దీపానికి తేడా చెప్పేవారు లేక, రెండింటినీ కలిపి విగ్రహారాధన అని కొట్టిపారేస్తున్నారు. అడగకుండా చేసిన ఒక్క పని వల్ల, అడగకుండానే జనం ప్రేమతో నిలుపుకున్న భక్తి కూడా అనుమానం పాలైంది.

శ్రీసభ ధర్మశాస్త్రం 212వ నిబంధన విశ్వాసులు సంఘ క్షేమానికి సంబంధించిన తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలిపే హక్కును, కొన్ని వేళల్లో బాధ్యతను కూడా గుర్తించింది. 1188వ నిబంధన గుళ్లలో ప్రతిమలను విశ్వాసులు కలవరపడని విధంగా, మితమైన సంఖ్యలో, తగిన క్రమంలో ఉంచాలని చెబుతోంది. ఆ రెండు నిబంధనల ఆధారంగా మేము కోరుతున్నవి ఇవి.

1. 1969 నాటి 12 అంశాలను, 1975 నాటి ఆదేశాలను, 1994 నాటి ఉపదేశ పత్రంలోని సంబంధిత పేరాలను సరళమైన తెలుగులో అచ్చువేసి ప్రతి విచారణలో అందుబాటులో ఉంచాలి. వాటికి లోబడి ఏది అనుమతి ఉన్నదో, ఏది లేదో తెలుగు పీఠాధిపతులందరూ కలిసి ఒకే మార్గదర్శక పత్రంగా ప్రకటించాలి. ఒక మేత్రాసనంలో పవిత్రమైనది పక్క మేత్రాసనంలో నిషిద్ధం అవుతున్న పరిస్థితి పోవాలి.

2. గుడి కట్టినా, బలిపీఠం మార్చినా నమూనాను ముందుగా విచారణ సభలో పెట్టాలి. ఆ సభలో వాడ నుంచి, గూడెం నుంచి వచ్చినవారు, స్త్రీలు తప్పక ఉండాలి, వారి అభ్యంతరాన్ని రాసుకొని జవాబు ఇవ్వాలి. మెక్సికోలోని చియాపాస్ ఆదివాసుల కోసం చేసిన పూజా సవరణలు అక్కడి పీఠాధిపతుల సమాఖ్య ద్వారా వెళ్లి 2024 నవంబరులో రోమ్ అనుమతి పొందాయి. అటువంటి క్రమం మనకూ సాధ్యమే.

3. మరో మతంవారు ఈనాటికీ ఆరాధించే చిహ్నాలను బలిపీఠం మీద గాని, సత్ప్రసాద పేటిక చుట్టూ గాని కొత్తగా పెట్టడం ఆపాలి. భవన శిల్పం సంగతి వేరు. స్తంభాలు, మండపాలు, గుమ్మటాలు దేశీయంగా ఉండవచ్చు, డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఆంగ్లికన్ దేవాలయం అందుకు చక్కని ఉదాహరణ.

4. దప్పును, డోలును, మా వాడల పాటలను, మా స్త్రీల ముగ్గును గుడి లోపలికి ఆహ్వానించాలి. దేశీయతపై మీరు వేసే ప్రతి సంఘంలో దళిత, ఆదివాసీ విశ్వాసులు సగానికి తగ్గకుండా ఉండాలి. ఈ కోరికను మిగతావాటి కన్నా ముందు పెట్టుకోమని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

5. ఇప్పటికే వివాదంలో ఉన్న చిహ్నాలపై నిర్ణయం వచ్చే వరకు ఎవరూ వాటిని పగలగొట్టకూడదని, తొలగించకూడదని, రంగు పూయకూడదని విశ్వాసులకు స్పష్టమైన లేఖ పంపాలి. అవి పెట్టిన గురువులను విగ్రహారాధకులని తిట్టేవారిని, ప్రశ్నించిన విశ్వాసులను మతోన్మాదులని తిట్టేవారిని ఒకే విధంగా మందలించాలి.

6. విశ్వాసులు ఇచ్చే అర్జీకి ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు ఇచ్చే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో చేయాలి.

రానున్న తపస్కాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) మొదలయ్యేలోగా ఈ కోరికలపై మీ నిర్ణయాన్ని ఆదివారం పూజలో అన్ని గుళ్లలో చదివించవలసిందిగా కోరుతున్నాం. అప్పటికీ సమాధానం రాకపోతే, ధర్మశాస్త్రం మాకు ఇచ్చిన హక్కు ప్రకారం, మా సంతకాలతో కూడిన ఈ వినతిని ఢిల్లీలోని పోపు గారి రాయబారి కార్యాలయానికి, రోమ్‌లోని దైవార్చన శాఖకు పంపుతాం.

ఇట్లు,
తెలుగు నేలపై ఒక విచారణకు చెందిన గృహస్థ విశ్వాసి, సంతకాలు చేసిన తోటి విశ్వాసుల తరఫున